మెంతికూర పుస్తకాలు, చిక్కుడు పుస్తకాలు

ఎండిన చిక్కుడుకాయ ఎండకు పగిలితే ఒక చప్పుడు వస్తుంది. టపాకాయంత పెద్దది కాదు, వేళ్ళు విరుచుకున్నంత చిన్నదీ కాదు. ఈ ఉదయం మేడ మీద చాటలో ఎండబోసిన కాయలు పది గంటల ఎండకు ఒకటొకటిగా పగలడం మొదలుపెట్టాయి. కింద వంటింట్లో ఉన్న నాకు వినపడుతూనే ఉంది. ఒక గింజ ఎగిరిపడి, మెట్ల మీదుగా దొర్లుకుంటూ వచ్చి గడప దగ్గర ఆగింది. ఎర్రటి గింజ, అంచున తెల్లటి గీత. దాన్ని చేతిలోకి తీసుకుని, పొయ్యి మీద చాయ పొంగిపోతున్నా పట్టించుకోకుండా నిలబడిపోయాను. మణెమ్మ పెద్దమ్మ ఉంటే గోడ అవతలి నుంచి కేకేసేది: "ముందు పొయ్యి బంద్ చెయ్యే! గింజ యాడికి పోదు." మా ఇంట్లో చాయ పొంగిన వాసన మాకంటే ముందు ఆమెకు తెలిసేది.

మణెమ్మ పెద్దమ్మ నాకు చుట్టం కాదు. వనపర్తిలో మా పక్కింటామె. ఊరూరూ తిరిగి పిల్లలకు టీకాలు వేసిన నర్సు. ఉప్పునుంతలలో ఉద్యోగం మొదలుపెట్టి, నాలుగైదు మండలాల మట్టిరోడ్లన్నీ నడిచి, చివరికి వనపర్తిలో రిటైరై రెండు గదుల ఇల్లు కట్టుకుంది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు, గద్వాలలో కాపురం. ముందు గదిలో ఒక ఇనుప బీరువా ఉండేది. అందులో బంగారం ఉందని వీధిలో సగం మంది నమ్మకం. నేనూ మొదట్లో నమ్మాను. దాని నిండా పుస్తకాలే. ఇంటి వెనుక నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత జాగా. ఆ జాగాలో ఆమె పండించనిది వరి ఒక్కటే. మనిషి పొట్టి. కళ్ళద్దాలు కళ్ళ మీద కంటే నెత్తి మీదే ఎక్కువసేపు ఉండేవి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ ముఖం కాకుండా జబ్బ వంక చూసేది, సూదికి జాగా వెతుకుతున్నట్టు.

మా పరిచయం కొట్లాటతో మొదలైంది. నా పరిచయాలు చాలావరకు అలాగే మొదలవుతాయి, అందులో విశేషం లేదు. నేను సర్కారు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్తాను. కల్వకుర్తి నుంచి బదిలీ మీద వచ్చి ఈ ఇంట్లో దిగిన రెండో నెలలో, పక్కింటి బీరతీగ గోడ దాటి మా దండెం దాకా వచ్చింది. ఉతికి ఆరేసిన తెల్ల చీర మీద పసుపుపచ్చ పూలు, పూల వెంట చీమలు. గోడ దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నాను.

"ఏమండీ, మీ తీగ మా ఇంట్లకు వస్తున్నది. చూసుకునేది లేదా?"

ఆకుల వెనుక నుంచి జవాబు వచ్చింది. "రానీ. దానికి గోడంటే ఏం తెలుసు?"

"దానికి తెల్వకపోతే మీకు తెల్వాలె గద."

"నాకు తెలుసు గనకనే ఊకున్న. నీ దిక్కు వచ్చిన కాయ నీదే. తెంపుకో, వండుకో. నాకింత పెట్టినా సరే, పెట్టకపోయినా సరే."

ఆస్తి హక్కు మీద ఇంకో పావుగంట మాట్లాడటానికి సిద్ధపడి వచ్చినదాన్ని, తీగకు కాయలున్నాయేమో చూస్తూ నిలబడ్డాను. ఆమె ఆకులు పక్కకు జరిపి నా జబ్బ వంక చూసింది. "చదువుతవా?" అంది.

"ఎం.ఏ. చదివిన," అన్నాను కాస్త గట్టిగానే.

"చదివినవ లేదా అని అడగలే. చదువుతవా అంటున్న."

నిజం చెప్పాలంటే, ఉద్యోగం వచ్చిన తర్వాత నేను పాఠ్యపుస్తకాలు, ప్రశ్నపత్రాలు తప్ప ఏమీ చదవలేదు. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టం లేక "ఎందుకు చదవను" అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి ఒక పలచటి కథల పుస్తకం తెచ్చి గోడ మీద పెట్టింది. పుస్తకంలో ఒక కాగితం కవరు. దవాఖానలో మాత్రలు వేసి ఇస్తారే, ఆ చిన్న తెల్ల కవరు. దాని మీద ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గడులు అచ్చయి ఉంటాయి. ఉదయం గడిలో "నీళ్ళు" అని, మధ్యాహ్నం గడిలో "చూడు" అని, రాత్రి గడిలో "చదువు" అని పెన్సిలుతో రాసి ఉంది. లోపల గుప్పెడు మెంతులు.

ఆమె పద్ధతి అది. ఆ వీధిలో ఆమె దగ్గర పుస్తకం తీసుకున్న ప్రతివాళ్ళకూ ఆ పద్ధతే. పుస్తకంతో పాటు విత్తనం ఇస్తుంది. ఆ విత్తనం నాటాలి. అది కాపుకు వచ్చినప్పుడు, ఆ కాయో కూరో వండి గిన్నెలో పెట్టి, దాంతో పాటు పుస్తకం తిరిగివ్వాలి. అదే గడువు. పలచటి పుస్తకానికి మెంతులు, నెల లోపు చేతికొస్తాయి. కాస్త దళసరి పుస్తకానికి బెండ, సొర. పెద్ద నవలలకు చిక్కుడు. తొలకరికి నాటితే చలికాలానికి గాని కాయ కాయదు. "ఇది మెంతికూర పుస్తకం", "ఇది చిక్కుడు పుస్తకం" అనే అనేది, పుస్తకాల పేర్లు చెప్పేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఎవరికైనా సరే మొదట మెంతికూర పుస్తకమే.

నేను నాలుగు రోజుల్లో పుస్తకం పట్టుకుని వెళ్ళాను. "చదివేసిన పెద్దమ్మా, ఇగో." వరుస ఎప్పుడు కలిసిందో తెలియదు, గోడ మీద కలిసినట్టుంది.

"మెంతి మొలిచిందా?"

"పుస్తకం చదువుడుకు మెంతి మొలుచుడుకు ఏం సంబంధం?"

"నాలుగు దినాలల్ల చదివినవంటే సగం దుంకినవ్. మూడో కథల ముసలామె గాజులు ఎవరికిచ్చింది?"

నాకు తెలియదు. మూడో కథలో ముసలామె ఉందన్న సంగతే తెలియదు. ఆమె నవ్వలేదు, పుస్తకాన్ని నా వైపు నెట్టింది అంతే. పగిలిన బకెట్లో మట్టి నింపి మెంతులు చల్లి, ఇరవై అయిదు రోజులు దాని చుట్టూ తిరిగాను. తిరిగే పని ఉన్నందుకు చదివే పని కూడా జరిగింది. మొదటిసారి మెంతికూర పప్పు, జొన్నరొట్టెలు, పుస్తకం మూడూ ఒక పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళాను. "పప్పుల ఉప్పు ఎక్కువైంది. ముసలామె సంగతి చెప్పు," అంది. ముసలామె అలా గాజులు ఇచ్చెయ్యడం బుద్ధిలేని పని అని నేను, కాదు అని ఆమె, రొట్టెలు అయిపోయేదాకా వాదించుకున్నాం. కాలేజీలో నా ఎదుట నోరెత్తడానికి తోటి లెక్చరర్లు జంకుతారు. ఈమె ఎత్తడమే కాదు, నేను చెప్పింది పూర్తయ్యేదాకా నమిలి మింగి, తర్వాత గాని జవాబు చెప్పేది కాదు. నాతో అంత తీరుబడిగా కొట్లాడిన మనిషి అంతకు ముందు లేదు.

తర్వాత నజ్మా కలిసింది. వీధి మలుపులో బ్లౌజులు కుట్టే నజ్మా తెలుగు బడిలో చదువుకుంది. మిషన్ పెడల్ మీద కాలు, ఒళ్ళో పుస్తకం. మా ఇంటి మెట్ల మీద సాయంత్రాలు ముగ్గురం కూర్చునేవాళ్ళం. నజ్మా ఖట్టీదాల్ తెచ్చేది, పెద్దమ్మ పచ్చిమిరప, కొత్తిమీర కోసుకొచ్చేది, నేను నా నోరు తెచ్చేదాన్ని. "మేడంకు కథల అందరూ తప్పుడు మనుషులే కనపడ్తరు సిస్టరమ్మా," అనేది నజ్మా. "ఒక్కరన్న ఉన్నరా మంచోల్లు?" "ఉన్నరు," అనేది పెద్దమ్మ. "పుస్తకం రాసినామె. ఆమెను గూడ మల్ల తప్పు పడ్తది, జర ఆగు."

ఇక ఆ చిక్కుడు సంగతి. పెద్దమ్మ దగ్గర అన్ని విత్తనాలూ ఒక ఎత్తు, ఈ చిక్కుడు ఒక ఎత్తు. వెడల్పాటి కాయ, అంచంతా వంకాయ రంగు గీత. వండితే నెయ్యి వేసినట్టు వాసన. లింగాలలో వాళ్ళ అమ్మ పెరటి గింజ అది. ఉద్యోగానికి మొదటిసారి ఉప్పునుంతల వెళ్ళేరోజు అమ్మ చీరకొంగు చింపి గుప్పెడు గింజలు మూటగట్టి ఇచ్చిందట. "తెల్వని ఊర్ల ఎవరూ పలకరియ్యకపోతే ఇది నాటు, కాయ కాస్తే వాల్లే వస్తరు" అన్నదట. ఆ గింజను ఉద్యోగంతో పాటు ఊరూరికీ మోసుకు తిరిగింది. ప్రతి ఏడూ నాటేది, ఒక కొమ్మ విత్తనానికి వదిలేది, ఆ గింజలను బూడిదలో కలిపి దాచేది. తను నాటగా మిగిలినవన్నీ అడిగినవాళ్ళకల్లా ఇచ్చేసేది. ఏటా ఆమే ఇస్తుంది గనుక వీధిలో ఎవరూ దాచుకునేవాళ్ళు కాదు.

ఒక ఏడాది నాకూ చిక్కుడు పుస్తకం ఇచ్చింది. మూడు తరాల నేతపని వాళ్ళ ఇంటి కథ, ఇటుకంత లావు నవల. కవర్లో తొమ్మిది గింజలు. నలభై పేజీలు చదివాను. నలభై పేజీలూ మగ్గమే. విసుగొచ్చి పక్కన పడేశాను. నాటితే కాపు వస్తుంది, కాపు వస్తే పుస్తకం చదివి ఇవ్వాలి. అందుకని నాటలేదు. చలికాలంలో ఆమె అడిగినప్పుడు, "మొలవలేదు పెద్దమ్మా" అన్నాను. చాలా తేలిగ్గా అన్నాను. ఆమె చేతిలో పని ఆపింది. "మొలవలేదా? ఒక్కటి గూడనా?" "ఒక్కటి గూడ." "నా గింజ మొలవకపోవుడేంది," అని తనలో తను అనుకుంటూ లోపలికి వెళ్ళింది. పుస్తకం మాత్రం అడగలేదు. మొలవనప్పుడు గడువు మొదలు కానట్టే కదా. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అది జరిగిన రెండో ఏడు, ఎండలు మొదలయ్యే వేళకు, ఆమెకు కంటి ఆపరేషన్ పడింది. మూడు వారాలు గద్వాలలో కూతురి దగ్గర ఉండాలి. బస్సెక్కే ముందు నాకు తాళంచెవి ఇచ్చి చెప్పింది. "నీళ్ళు పొయ్యి. అంతే. వేరే ఏం చెయ్యకు. ఏమన్న తెల్వకపోతే ఫోన్ల అడుగు."

నీళ్ళు పోశాను. పోస్తూ చిక్కుడు పందిరి చూశాను. కాపు అయిపోవచ్చింది. ఒక్క కొమ్మకు మాత్రం పెద్ద పెద్ద కాయలు, లోపల గింజ ఉబ్బి, తొక్క పసుపుబారుతూ వేలాడుతున్నాయి. ఆ కొమ్మకు ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంది, నజ్మా కుట్టుమిషన్ దగ్గర పడే బ్లౌజు ముక్క. నాకు ఒళ్ళు మండింది. ఇన్ని పుస్తకాలు చదివిన మనిషి, ఊరూరా తిరిగి మూఢనమ్మకాలు వద్దని చెప్పి టీకాలు వేసిన మనిషి, చెట్టుకు దిష్టిగుడ్డ కడుతుందా? వచ్చాక దీని మీద ఒక సాయంత్రమంతా వాదించాలని మనసులో రాసిపెట్టుకున్నాను. గుడ్డ విప్పి పారేశాను. కాయలు వృథాగా ముదిరిపోతున్నాయని మొత్తం తెంపాను. ఆమె వచ్చేరోజు వాటి గింజలు ఒలిచి, పల్లీల పొడి వేసి, రొట్టెలతో సహా గిన్నెలో పెట్టుకుని ఎదురువెళ్ళాను. నాకు తెలిసి ఆ రోజు వండినంత బాగా నేను ఎప్పుడూ వండలేదు.

నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఆమె మొదటి ముద్ద తిన్నది. "మస్తుగున్నది," అంది. రెండో ముద్ద దగ్గర ఆగింది. గింజను నాలుక మీద అటూ ఇటూ తిప్పింది.

"బాగ ముదిరినయ్ గదనే గింజలు. ఏ కొమ్మయి?"

"ఆ ఎర్రగుడ్డ కట్టినవ్ సూడు, ఆ కొమ్మయి. పెద్దమ్మా, నిన్ను ఒకటి అడగాలె. నువ్వు గూడ దిష్టిని నమ్ముతవా? నేనైతే ఆ గుడ్డ తీసి పారేసిన..."

ఆమె ముద్దను పళ్ళెంలో పెట్టింది.

"అది దిష్టికి కాదు. విత్తనం కొమ్మ. ఎవరూ తెంపొద్దని గుర్తు."

"అయితే మల్ల పూత వస్తది కదా," అన్నాను.

"ఎండలు ముదిరినయ్. ఇంక రాదు." పళ్ళెం పక్కకు జరిపి అంది. "ఊరందరితోటి నోరు పెట్టుకుంటవ్. నన్నొక్క మాట అడగనీకె నోరు రాలేదా?"

నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. తిడితే నాకు జవాబు తెలుసు. నువ్వు ముందే చెప్పాలి కదా, గుడ్డకు బదులు కాగితం మీద రాసి కట్టాలి కదా, ఇలా నాలుగైదు పాయింట్లు అప్పటికే వరుసలో నిలబడి ఉన్నాయి. ఆమె తిట్టలేదు. మర్నాడు నా గిన్నె గోడ మీద ఉంది. తోమి, తుడిచి, బోర్లించి. మా రెండిళ్ళ మధ్య అన్నేళ్ళలో గిన్నె ఖాళీగా తిరిగి రావడం అదే మొదటిసారి.

పదిహేను రోజులు అలా గడిచాయి. ఆ గింజ ఎవరి దగ్గరైనా మిగిలిందేమోనని నజ్మాను అడిగాను, వీధిలో చిక్కుడు పెట్టిన ప్రతి ఇంట్లో అడిగాను. అందరూ వండుకు తిన్నవాళ్ళే. ఒక సెలవురోజు చెప్పకుండా లింగాల వెళ్ళాను, పెద్దమ్మ తమ్ముడి ఇంటికి. తమ్ముడి భార్య మంచిది, కూర్చోబెట్టి అన్నం పెట్టింది. "గవి ఇంక ఎవరు పెడ్తున్నరమ్మా," అంది. "అత్త ఉన్నప్పుడు పెరట్ల ఉండె. ఇప్పుడు గుమ్మం దాంక పత్తే. చిక్కుడుకాయ అంగట్ల కొనుక్కుంటున్నం." తిరుగు ప్రయాణంలో నాగర్‌కర్నూల్ బస్టాండులో బస్సు కోసం గంటసేపు కూర్చున్నాను. ఒక మనిషి నలభై ఏళ్ళు ఊరూరా తిప్పి బతికించుకున్న దాన్ని నేను ఒక్క పూట కూరగా వండేశాను. ఈ వాక్యాన్ని ఎన్ని విధాల మార్చి రాసుకున్నా నా తరఫున వాదించడానికి ఒక్క మాట దొరకలేదు.

మర్నాడు నజ్మాకు ఇదంతా చెప్పాను. దారం కొరుకుతూ విన్నది. "మేడం, మీకు ఇచ్చిన గింజలు మొలవలేదు అన్నరు గద అప్పట్ల. ఏ మట్టిల పెట్టినరు? తవ్వి చూద్దాం పదండి. ఒక్కోసారి గింజ అట్లనే ఉంటది."

"మట్టిల లేవు నజ్మా."

"మరి?"

"బుక్కుల ఉన్నయ్."

నజ్మా నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "తోబా!" అంది. తర్వాత మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడే చాలా మాటలు అన్నది.

ఇంటికొచ్చి నవల తెరిచాను. నలభయ్యో పేజీలో కవరు నేను పెట్టినచోటే ఉంది. తొమ్మిది గింజల్లో అయిదింటికి పురుగు బొక్కలు. నాలుగు బాగున్నట్టు కనిపించాయి. గింజలు దొరికిన సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. వీటిని ఆమె చేతిలో పెట్టాలంటే అవి నా దగ్గర ఎలా ఉన్నాయో చెప్పాలి. చెప్పకుండా ఉండే దారులు కూడా ఆలోచించాను, దాచడమెందుకు. లింగాలలో దొరికాయని చెప్పొచ్చు. కాని ఆ కవరు మీద రాత ఆమెది. కవరు మార్చొచ్చు. కవరు మార్చడానికి డ్రాయరు దాకా వెళ్ళి, అక్కడ ఆగి, అదే కవరుతో గోడ దాటాను.

ఆమె కవరును వేళ్ళతో తడిమింది. నల్లద్దాలు పైకెత్తి కళ్ళు చిట్లించి చదివింది. "ఇది రెండేండ్ల కిందిది."

"అవును."

"మొలవలేదన్నవ్."

"నాటలేదు. పుస్తకం చదవనీకె బద్ధకమై అబద్ధం చెప్పిన."

ఆమె కవరు విప్పి లోపలి గింజలు లెక్కపెట్టింది. వెనుక జాగాలో కుళాయి చుక్కలు పడుతున్నాయి. చివరికి అంది. "రెండేండ్ల సంది మా అమ్మ గింజకు ఏందో అయిందని పరేషాన్ల ఉన్ననే. బూడిద తక్కువేసిన్నా, తేమ తగిలిందా, నా చేతనే పాడయిందా అని. అందుకే మొన్న ఆ కొమ్మ అంత పెద్దగ విడిచిన, ఎక్కువ గింజ కావాల్నని."

చేసిన తప్పు కూర వండడం ఒక్కటే అనుకుని వచ్చాను. అది రెండోది అని అప్పుడు తెలిసింది.

"తిట్టు పెద్దమ్మా."

"తిట్ట. తిడితే నువ్వు జవాబు చెప్తవ్. ఆడికి అయిపోతది." కవరు తిరిగి నా చేతిలో పెట్టింది. "మిరుగు రాంగనె నీ దిక్కు నువ్వే నాటు. నేను చెయ్యి పెట్టను. తెల్వంది అడుగు, చెప్త."

"ఒక్కటి గూడ రాకపోతే?"

"రాకపోతే అప్పుడు ఇద్దరం కూసొని ఏడుద్దాం. ఇప్పటికెల్లే ఎందుకు?"

మృగశిర కార్తెకు పడిన మొదటి వానకు నాటాను. అప్పటినుంచి నేను అడగని ప్రశ్న లేదు. ఎంత లోతు? ముక్కు పైకా, కిందికా? నానబెట్టాలా? ఎండ ఎక్కువైందా? రోజుకు పదిసార్లు గోడ దగ్గర నిలబడేదాన్ని. ఆమె ఒక్కోదానికీ జవాబు చెప్పేది, అంతకు మించి ఒక్క మాట చెప్పేది కాదు. ఏడు రోజులయ్యాయి, ఎనిమిది అయ్యాయి. తొమ్మిదో రోజు పొద్దున నాలుగింట్లో రెండు మొలకలు మెడలు వంచుకుని మట్టిలోంచి లేచాయి. నేను వేసిన కేకకు నజ్మా కత్తెర చేత పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. మొలిచిన నాలుగో రోజు నజ్మా వాళ్ళ కోడి ఒక మొలకను గీకిపారేసింది. ఆదివారం ఆ కోడి కూరై, మూతపెట్టిన గిన్నెలో మా ఇంటికి వచ్చింది. "న్యాయం చేసిన మేడం," అంది నజ్మా. పెద్దమ్మ గోడ అవతల నిలబడి నవ్వింది. మూడు నెలల తర్వాత విన్న నవ్వు.

మిగిలిన ఆ ఒక్క తీగను పందిరి ఎక్కించడం, ఆ నవలను చదవడం ఒకేసారి సాగాయి. ఉదయం నీళ్ళు, మధ్యాహ్నం కాలేజీ నుంచి వస్తూనే చూపు, రాత్రి పది పేజీలు. మగ్గం నలభై పేజీలు దాటితే ఆ ఇంట్లో మనుషులు మొదలవుతారని అప్పుడు తెలిసింది. ఆకుకు పేను పట్టింది, పెద్దమ్మ బూడిద చల్లమంది. తీగ ఆగిపోయింది, చివర గిల్లమంది. ఆమె కళ్ళకు చదువు ఇంకా బరువుగానే ఉండేది. సాయంత్రాలు మెట్ల మీద నేనే పైకి చదివేదాన్ని. నా గొంతుకు పోట్లాట తప్ప ఇంకో వాడుక ఉందని అంతకు ముందు నాకు తెలియదు.

చలికాలంలో పూత వచ్చింది. మొదటి కోతకు కాయలు గుప్పెడే. వంకాయ రంగు అంచు అలాగే ఉంది, ఆ నెయ్యి వాసనా ఉంది. గిన్నె, పుస్తకం పట్టుకుని ముందు గుమ్మంలోంచే వెళ్ళాను, గోడ మీద నుంచి కాదు. ఆమె తిన్నది. ఒక్కో ముక్కా నెమ్మదిగా తిన్నది. గిన్నె ఖాళీ చేసింది.

"పుస్తకం ఎట్లున్నది?" అంది.

"బాగలేదు."

"మల్ల మొదలువెట్టింది! గద్వాల చీర కట్టుకొని మగ్గం కథ బాగలేదంటవా?"

"మగ్గం సంగతి కాదు పెద్దమ్మా. ఆ పెద్దకోడలు మామను నోరు తెరిచి ఒక్క మాట అడిగి ఉంటే రెండొందల పేజీలు తగ్గేవి. అంత మొండితనం ఎవరికన్న ఉంటదా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. జబ్బ వంక కాదు, ముఖంలోకే. "ఉంటరు లే," అంది. "అడగనోల్లు పుస్తకాలల్లనే కాదు, పక్కింట్ల గూడ ఉంటరు." నాకు నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు. మర్నాడు నా గిన్నె గోడ మీదికి తిరిగి వచ్చింది. నిండా నువ్వుల లడ్డూలు. లడ్డూల మీద ఒక ఎర్ర గుడ్డపీలిక, మడతపెట్టి.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇంకా కొట్లాడుకున్నాం, చాలా పుస్తకాలు, చాలా గిన్నెలు. విత్తనం కొమ్మ మా పందిరికి ఒకటి, వాళ్ళ పందిరికి ఒకటి ఉండేది. నజ్మా కూడా దాచడం మొదలుపెట్టింది. రెండేళ్ళ కింద, వానల్లో, నాలుగు రోజుల జ్వరంతో పెద్దమ్మ పోయింది. గద్వాల నుంచి వచ్చిన కూతురు ఇల్లు అద్దెకిచ్చి వెళ్తూ బీరువా తాళంచెవి నాకిచ్చింది. "అమ్మ మీకే ఇమ్మన్నది. మీరు అందరికీ ఇస్తరని, ఇచ్చేటప్పుడు తిడ్తరని గూడ చెప్పింది." ఇప్పుడా బీరువా మా ముందు గదిలో ఉంది. వీధిలో కొత్తగా వచ్చినవాళ్ళు అందులో బంగారం ఉందనుకుంటున్నారని విన్నాను.

పెద్దమ్మ ఇంట్లో ఇప్పుడు శిరీష అనే అమ్మాయి అద్దెకుంటోంది. మండలాఫీసులో ఉద్యోగం, ఫోన్లో తప్ప చదవగా నేను చూడలేదు. సంక్రాంతి దాటిన తర్వాత ఒక సాయంత్రం గోడ దగ్గర నిలబడి మా పందిరి వంక చూస్తోంది. పసుపుబారుతున్న కాయల కొమ్మకు ఎర్రగుడ్డ కట్టి ఉంది.

"మేడం, ఒకటి అడుగుతా, ఏం అనుకోకండి. ఈ గుడ్డ దేనికి? దిష్టికా?"

నాకు వెంటనే ఒక ఘాటైన జవాబు నాలుక చివరికి వచ్చింది. అలవాటు. అది అక్కడే ఆగిపోయింది. "కాదు," అన్నాను. "విత్తనానికి. అడిగినవ్, మంచిపని చేసినవ్."

ఈ రోజు మెట్ల మీద దొర్లిన గింజతో కలిపి, చాటలోంచి ఏరి తొమ్మిది గింజలు శిరీష కోసం పక్కన పెట్టాను. మొదటిసారి ఎవరికీ చిక్కుడు పుస్తకం ఇవ్వకూడదని పద్ధతి. ఈ పిల్లకు ఇస్తున్నాను. ఆ మగ్గం నవలే. మిరుగుకు ఇంకా మూడు నెలలుంది, అప్పటిదాకా ఆ నలభై పేజీలు దాటుతుందేమో చూడాలి. పెద్దమ్మ మిగిల్చిన కవర్లలో ఒకటి తీసి మూడు గడులూ నింపాను. ఉదయం, నీళ్ళు. మధ్యాహ్నం, చూడు. రాత్రి, చదువు. కింద కొంచెం జాగా మిగిలితే "తెలియకపోతే అడుగు" అని రాశాను. రాసిన దాన్ని చూసుకుని కొట్టేశాను. ఆ మందు నాకు రాసింది, ఆ పిల్లకు అవసరం లేదు.